ఆముదం మీద నడిచే బల్లకట్టు

మా సంపూర్ణమత్త గురించి రాస్తానంటే ఆవిడ ఒకటే మాటంది. "రాస్తే రాయి గానీ, లావుగా ఉంటానని రాయకు." కాబట్టి అది రాయట్లేదు. బల్లకట్టు మీద ఆవిడ ఏ మూల నిలబడితే ఆ మూల కాస్త కిందకి దిగుతుందని మాత్రం చెప్తున్నాను. బండ్లు ఎక్కించేవాళ్ళు అది చూసుకునే ఎక్కించాలి మరి.

బల్లకట్టంటే రెండు ఇనప పడవలు పక్కపక్కన పెట్టి పైన చెక్కలు పరిచింది. కాలవకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఇనప తాడు కట్టి ఉంటుంది. దాని మీద రెండు కప్పీలు దొర్లుతాయి. ఆ కప్పీలకే బల్లకట్టుని గొలుసులతో కట్టేస్తారు, లేకపోతే నీటి వాలుకి నరసాపురం పోతాం. ఇంకో తాడు చేత్తో లాగుతుంటే మెల్లగా అవతలకి చేరతాం. బడి, బస్సు, మందుల షాపు అవతల. ఇళ్ళు, చర్చి ఇవతల. వంతెన కడతామని ఓట్లప్పుడల్లా టేపు తెచ్చి కొలుస్తారు. కాలవ వెడల్పు ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలకి కూడా నోటికొచ్చు.

మావయ్య పోయాక బల్లకట్టు అత్త చేతికొచ్చింది. మావయ్య రోజుల్లో కప్పీలకి కాలిన ఇంజనాయిలు పోసేవారు. మెకానిక్ షెడ్లో బండ్ల నుంచి తీసేసిన నల్లాయిలు, అడిగితే ఊరికే ఇస్తారు. ఆదివారం సాయంత్రం ఒక డబ్బా పోస్తే మళ్ళీ ఆదివారం దాకా కప్పీ కిక్కురుమనదు. కారింది కారినట్టు కాలవలో పడేది. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు తేలుతుంటే చిన్నప్పుడు మేము అబ్బ ఎంత బాగుందో అనుకునేవాళ్ళం.

రేవుకి కాస్త దిగువన ఊరి మంచినీళ్ళ చెరువు తూము. దానికి ఎదురుగా అవతలి గట్టున జగన్నాథరావు గారి చేపల చెరువు తూము. ఊళ్ళోవాళ్ళు నల్లాయిలు తాగినన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. చేపలు తాగాకే పంచాయితీ అయింది.

జగన్నాథరావు గారు మంచాయనే. కోపం మాత్రం ఆయన కంటే ముందు నడుస్తుంది. ఆయన చేపలు కిరసనాయిలు కంపు కొడుతున్నాయని లారీవాళ్ళు వెనక్కి పంపేశారు. పంచాయితీ ఆఫీసులో అందరి ముందూ మా అత్తని నిలబెట్టి, "ఇక నల్లాయిలు వెయ్యనని అన్నవరం సత్యనారాయణస్వామి మీద ఒట్టెయ్యి" అన్నాడు.

"మేం ఒట్లు వెయ్యమండి."

"పోనీ మీ యేసుప్రభువు మీదే వెయ్యమ్మా."

"ఆయనే వద్దన్నాడండి. వెయ్యనంటే వెయ్యను, అంతే."

"ఏది వెయ్యవు? ఒట్టా, నల్లాయిలా?"

"రెండూనండి."

ఆయనకి నమ్మకం కుదర్లేదు. ఒట్టు లేని మాటంటే ఆయనకి గొళ్ళెం లేని తలుపు. అప్పట్నుంచి పొద్దున్నే రేవుకొచ్చి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూసేవాడు. తెలియనివాళ్ళు సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడనుకుని చెప్పులిప్పి ఆగేవాళ్ళు.

మా అత్త మాత్రం ఆ రోజే కందెనకి మారిపోయింది. పూర్వం ఎడ్లబండి ఇరుసులకి రాసేవాళ్ళు చూడండి, అది. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో వేసి నూరితే నల్లటి ముద్దవుతుంది. కాలవలో పడ్డా మట్టిలో కలిసిపోతుంది, చేపకీ మనిషికీ హాని లేదు. దానికున్న జబ్బల్లా ఒకటే, నిలవదు. తుంపర తగిలితే జారిపోతుంది, ఎండకి పలచబడిపోతుంది. రెండు మూడు ట్రిప్పులయ్యేసరికి కప్పీ కుయ్ మంటుంది. మళ్ళీ రాయాలి. బద్ధకించామా, ఇనుము ఇనుమునే తినేస్తుంది. ఇరుసు ఒక పక్క అరిగి, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డవుతుంది.

తాడు లాగడానికి ఎవరైనా దొరుకుతారు. వీరాస్వామి ఉన్నాడు, మావయ్య నాటి మనిషి, ఎద్దులా లాగుతాడు, కానీ చూపు సరిగా ఆనదు. వేలికి కందెన తీసుకుని, తిరిగే కప్పీ సందులోకి పోనిచ్చి, నలక్కుండా వెనక్కి తీసే ఓపిక మా అత్తకి తప్ప ఊళ్ళో ఎవరికీ లేదు. ఆ విధంగా ఊరి నీళ్ళు బాగుపడ్డాయి, మా అత్త ఇరుక్కుపోయింది.

ఇరుక్కోవడమంటే మామూలుగా కాదు. ఆదివారం ప్రసంగం మధ్యలో రేవు నుంచి కుయ్ మని వినపడితే లేచిపోయేది. యెహెజ్కేలు పాస్టరు గారు ఆవిడ గుమ్మం దాటేదాకా నోరు తెరిచి అలాగే ఆగేవారు. పెళ్ళిళ్ళకి ఆవిడ పెట్టే చీర వెళ్ళేది, ఆవిడ వెళ్ళేది కాదు. అవతలి గట్టు రోజుకి ఎన్నిసార్లు ముట్టుకునేదో గానీ, గట్టెక్కి పది అడుగులు వేసింది లేదు.

నేనొకసారి ఆవిడ ఫోన్లో రింగుటోనుగా ఆ కప్పీ కూతే రికార్డు చేసి పెట్టాను. ఫోన్ మోగితే చాలు, కందెన చిప్ప పట్టుకుని రేవుకి పరుగు. విషయం తెలిశాక ఆ చిప్ప నా వీపు మీదే పగిలింది. రింగుటోను మార్చేస్తానంటే మాత్రం వద్దంది. "ఉండనీరా. ఏది పిలిచినా లేవాల్సిందేగా." అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆవిడకి ఒక్కతే కూతురు, రూబీ. కొవ్వూరులో స్కూలు టీచరు. మొగుడు జయపాల్ అక్కడే ఏదో ఆఫీసులో గుమాస్తా. కిందటేడు రూబీకి కడుపు పోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా అత్త వెళ్ళలేకపోయింది. కోతల రోజులు, బల్లకట్టుకి ఊపిరాడదు. ఫోన్లోనే ప్రార్థన చేసింది. రూబీ ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది, మా అత్త నాలుగు తిట్టి మర్చిపోయేది.

ఈసారి కాన్పుకి ఆపరేషనేనని, రోజు కూడా డాక్టరు ముందే చెప్పేసింది. రూబీ ఫోన్ చేసి, "లోపలికి తీసుకెళ్ళే ముందు నువ్వక్కడ ఉండాలమ్మా. తర్వాత వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే" అంది.

ఎలా వెళ్ళాలి? వెళ్తే పురుడయ్యేదాకా ఉండాలి. నేను యూట్యూబు చూసి, కప్పీకి కందెన అక్కర్లేని సీలు బేరింగు పెడదామన్నాను. పెట్టాం. కాలవ ఇసక దాన్ని నమిలి ఊసేసింది. "నీ చదువు బాగానే ఉందిరా అనిలూ" అంది అత్త. నాది చదువు కాదు, ఫోను.

చివరికి దారి ఆవిడకే దొరికింది, గిన్నెలు తోముతుంటే. చర్చి విందుకి బూరెలు వండిన మూకుడు అది. అంచుకి పట్టిన జిడ్డు పీచుకీ పోలేదు, సబ్బుకీ పోలేదు, ఇటుకపొడికీ పోలేదు. తోమడం ఆపేసి ఆ మూకుడి వంక అలా చూస్తూ ఉండిపోయింది.

"ఒరేయ్, సబ్బుకే పోనిది కాలవ నీళ్ళకి పోద్దంటావా?"

నాకూ సబబుగానే అనిపించింది. బజ్జీల బండి చంద్రరావు దగ్గర మాడిపోయిన నూనె తెచ్చి, గడ్డి మసి కలిపి, పాకం పట్టినట్టు కాచింది. తినే నూనెకి చేపలేం చచ్చిపోవు కదా. రెండు కప్పీలకీ దట్టంగా పట్టించింది. రేవంతా మిరపకాయ బజ్జీల వాసన. కుక్కలొచ్చి గట్టు మీద వరసగా కూర్చున్నాయి. బల్లకట్టు దిగినవాళ్ళు దిగినట్టు చంద్రరావు బండి దగ్గరికి పోయేవాళ్ళు.

మొదటి రోజు కప్పీ కూయలేదు. రెండో రోజూ కూయలేదు. ఇంకేం, మా అత్త బ్యాగు సర్దింది. ఎండలో ఆ నూనె ఏమవుతోందో ఎవరం చూడలేదు.

ఆవిడ బయల్దేరిన రోజుకి మార్చి వచ్చేసింది. వేసవికి కాలవకి నీళ్ళు కట్టేస్తారు కాబట్టి, ముందే మంచినీళ్ళ చెరువు నింపుకుంటున్నారు. తూము పూర్తిగా ఎత్తేసి ఉంది, నీళ్ళు జోరుగా అటే పోతున్నాయి. బల్లకట్టు మీద వీరాస్వామి తాడు లాగుతున్నాడు. మా అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, బ్యాగు చంకలో పెట్టుకుంది. నేను ఆవిడని దిగబెట్టి రావడానికి. జగన్నాథరావు గారు మోటారు సైకిలుతో, ముందు డీజిలు క్యానుతో, చెరువు దగ్గర ఇంజనుకి. పాపాయి అని మా వీధి ఆవిడే, పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళకి పెద్ద స్టీలు ప్లాస్కులో టీ తీసుకెళ్తోంది.

నడికాలవకి వచ్చేసరికి వీరాస్వామి, "బరువుగా ఉందేంటి. అక్కా, నువ్వటు జరుగు" అన్నాడు.

అత్త జరిగింది. ఇంకా బరువే. నీటి లాగుడు అక్కడే ఎక్కువ, అదంతా కప్పీల మీద పడుతుంది. ముందు కప్పీ టక్కున ఆగింది. అందరం తాడు పట్టుకుని లాగాం. కప్పీ దొర్లడం మానేసి ఇనప తాడు మీద రాసుకుపోతోంది, కింద ఎర్రటి పొడి రాలుతోంది.

"ఆపండి, తాడు తెగిద్ది" అంది అత్త.

ఆపాం. వెనక్కి లాగి చూశాం. వెనక్కీ రాదు.

అత్త ఇరుసు సందులో వేలు పెట్టి తీసింది. వేలికి తారు లాంటి జిగురు, తీగలా సాగుతోంది. వాసన చూసింది.

"మూకుడే" అంది.

అప్పుడే కుయ్ మంది. కప్పీ కాదు, ఫోను. రూబీ.

"బయల్దేరావా అమ్మా?"

"బయల్దేరానమ్మా."

"ఎక్కడున్నావ్?"

అత్త ఈ గట్టు చూసింది, ఆ గట్టు చూసింది. "దార్లో ఉన్నా."

"పన్నెండింటికి తీసుకెళ్తారంట."

"వచ్చేస్తా." ఫోన్ పెట్టేసి నా వంక చూసింది. "అబద్ధమేం కాదుగా?"

నాకు ఈత వచ్చు. దూకి గట్టెక్కగలను. ఎక్కి ఏం చెయ్యను, రూబీకి నేను అమ్మనవుతానా? చేపలు పట్టే చినబాబుకి దోనె ఉంది గానీ, దాన్ని తిరగేసి తారు పూసి ఎండబెట్టాడు. రెండు గట్ల మీదా జనం పోగయ్యారు. సాయం చేసేవాడు లేడు గానీ వీడియో తియ్యనివాడు లేడు.

కాసేపటికి అవతలి గట్టున కొవ్వూరు బస్సు వచ్చింది. అంత దగ్గరగా ఉంది, కండక్టరు చిల్లర లెక్కపెట్టుకోవడం కూడా కనిపిస్తోంది. ఎవర్నో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా మా అత్త దాన్ని చూస్తూనే ఉంది. కాళ్ళ కింద చెక్కలు కాలుతున్నాయి, చుట్టూ నీళ్ళే, చెయ్యి చాపితే తగలడానికి గట్టు లేదు.

జగన్నాథరావు గారు గొంతు సవరించుకున్నాడు. "సంపూర్ణమ్మా, డీజిలుంది. ఓ గ్లాసుడు పోస్తే జిగురు కరిగిపోద్ది."

"వద్దండి."

"గొడవ పెట్టినోణ్ణి నేను. నేనే పొయ్యమంటున్నాను."

"తూము ఎత్తేసుందండి. వేసవంతా ఊరికి ఆ నీళ్ళే. మీ చెరువుకీ అవే."

"ఇంత కాలవలో గ్లాసుడు డీజిలు ఏ మూలకమ్మా."

"మావారూ అలాగే అనేవారండి."

"అసలు నువ్వు ఒట్టే వెయ్యలేదు కదా. ఇంక తప్పేముంది?" అన్నాడు.

"ఒట్టయితే మీరు తీసి గట్టు మీద పెట్టేసేవారు. ఇక్కడ గట్టేదండి?"

పాపాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. ఈసారి మెల్లగా అన్నాడు. "నాకూ ఆడపిల్లలున్నారు సంపూర్ణమ్మా. అక్కడ ఆ పిల్ల గుమ్మం వంక చూస్తా ఉంటది."

మా అత్త బ్యాగు చెక్కల మీద పెట్టింది. వెళ్ళి క్యాను మూత మీద చెయ్యి పెట్టింది. తిప్పింది. డీజిలు వాసన గుప్పున వచ్చింది. నేను కూడా, "పోసెయ్ అత్తా. నీళ్ళు మరగబెట్టుకుని తాగుతార్లే" అన్నాను.

"మరగబెడితే డీజిలు పోద్దేంట్రా?"

నాకు తెలీదు. ఆవిడ ఆ మూత పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఫోన్ మళ్ళీ కుయ్ మంది, ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు మూత బిగించేసింది. గట్టిగా, ఇంకెవరూ తియ్యలేనంత గట్టిగా. బిగించి, ఆ క్యాను మీదే చతికిలబడింది. మా అత్త ఏడవడం నేను చూడలేదు, ఆ రోజూ చూడలేదు. ముక్కు మాత్రం రెండుసార్లు తుడుచుకుంది.

తర్వాత, ఏదో ఊరికే అన్నట్టు అడిగింది. "మూకుడికి జిడ్డు పడితే నువ్వేం చేస్తావే పాపాయీ?"

"వేణ్ణీళ్ళు పోసి నానబెడతా వదినా."

ఇద్దరూ ఒకేసారి ప్లాస్కు వంక చూశారు.

"ఆడాళ్ళు టీ కోసం చూస్తుంటారు" అంది పాపాయి, మూత తిప్పుతూనే.

పొగలు కక్కే టీ కొంచెం కొంచెంగా ఇరుసు మీద పోశారు. నేను మోటారు సైకిలు తాళంతో గోకుతున్నాను, పాపాయి తలపిన్నుతో గోకుతోంది. జగన్నాథరావు గారు, "ఆ చేత్తో నాకో గ్లాసు" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. టీలో పంచదార ఉంది కదా, అది ఇంకో జిగురు కాదా అని నా అనుమానం. "పంచదార నీళ్ళకి పోద్దిలేరా, గోకు" అంది అత్త. నల్లటి తొక్కలు లేస్తున్నాయి. కప్పీ కదిలింది, కానీ పొడిగా కదిలింది, పళ్ళు నూరినట్టు. నూనె చుక్క లేకుండా లాగితే అక్కడే అరిగి చస్తుంది. కందెన చూస్తే ఇంటి దగ్గరుంది.

అత్త బ్యాగు తెరిచి, గుడ్డలో చుట్టిన చిన్న సీసా తీసింది. బిడ్డ పుట్టగానే మాడుకి పెట్టడానికి ఆముదం. గింజలు తనే వేయించి, దంచి, నీళ్ళలో వండి తీసింది. కప్పీలకి వేరే గింజలు, బిడ్డకి వేరే గింజలు ఏరిపెట్టుకుంది కూడా.

"అది బిడ్డది కదా వదినా" అంది పాపాయి.

"ముందు బిడ్డ దగ్గరికి చేరాలిగా."

పోసింది. అడుగున కొంచెం మిగిల్చి, మిగతాదంతా పోసింది. కప్పీని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించింది. పది నిమిషాలు ఆడించాక అది దొర్లింది. వీరాస్వామి తాడందుకున్నాడు. గట్టు మాకేసి రావడం మొదలెట్టింది.

గట్టు తగిలాక అత్త ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయింది. కప్పీల్లో జిగురు ఇంకా సగం అలాగే ఉంది. వేణ్ణీళ్ళతో కడగాలి, మళ్ళీ పాత కందెనే పెట్టాలి, మళ్ళీ రెండు ట్రిప్పులకోసారి.

"అక్కా, నాకా సందు కనపడదు" అన్నాడు వీరాస్వామి.

నా వంక చూసింది. నేను నోరు తెరిచేలోపే తల తిప్పేసుకుంది. కప్పీ దగ్గర నన్ను నమ్మేవాళ్ళు ఊళ్ళో లేరు. దానికి కారణాలున్నాయి, ఇక్కడ అనవసరం.

"ఏవండీ" అంది జగన్నాథరావు గారితో. "మా గుమ్మం పక్కన కొబ్బరి చిప్పలో కందెనుంటది. రెండు ట్రిప్పులకోసారి రాయాలి. వేలు కప్పీ తిరిగే వైపు నుంచి పెట్టకండి, నలుగుద్ది."

"నేనా?"

"నీళ్ళు మీవి కూడా కదండి."

"నాకు చెరువు దగ్గర పనుంది సంపూర్ణమ్మా."

"నాకు కొవ్వూర్లో పనుందండి. లేదంటే క్యాను మీ దగ్గరే ఉంది, పోసుకోండి. నేను చూడనుగా."

అని రెండో కాలు కూడా నేల మీద పెట్టి, వెనక్కి చూడకుండా ఆటో వైపు నడిచింది. నేను చూశాను. ఆయన క్యాను వంక చూశాడు, తూము వంక చూశాడు. చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు.

మేము చేరేసరికి రూబీని లోపలికి తీసుకెళ్ళిపోయారు. తలుపు మూసి ఉంది. జయపాల్ బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. మా అత్త ఆ తలుపుకి ఎదురుగా నిలబడే ఉంది, బెంచీ ఉన్నా కూర్చోలేదు. ఆడపిల్ల పుట్టింది. నర్సు తెచ్చి, "అమ్మమ్మగారూ, ముందా చేతులేంటండి?" అంది. మూడుసార్లు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, మెడ చాచి చూసింది పిల్లని.

రూబీకి మెలకువ వచ్చాక, "కాలవలో ఇరుక్కుపోయానే" అంది.

"తెలుసమ్మా. వాట్సాప్‌లో వీడియో వచ్చింది. లోపలికి తీసుకెళ్ళే ముందు చూశా." అమ్మ గోళ్ళ వంక చూసింది. "మూత తీసి మళ్ళీ పెట్టేశావు."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

అత్త తలూపింది. చాలాసేపటి తర్వాత రూబీ నర్సుని పిలిచి, పిల్లని మా అమ్మకివ్వండి అంది.

కాలవ కట్టేసే ముందు వారం అత్త తిరిగొచ్చింది. తీసుకురావడానికి నేనే వెళ్ళాను. బస్సు దిగి గట్టుకొస్తే బల్లకట్టు ఊరి వైపుంది. జగన్నాథరావు గారు నెత్తికి తువ్వాలు చుట్టుకుని కప్పీ మీద వంగి ఉన్నాడు.

"సంపూర్ణమ్మ గారూ, ఆగాలి" అని అక్కణ్ణుంచే అరిచాడు. "కందెన పెడుతున్నా."

"ఎంతసేపండీ?"

"తొందరపడితే అయ్యే పని కాదండిది."

"నాకు చెప్తున్నాడు చూడు" అని గొణిగి, బ్యాగు మీద కూర్చుంది.

బల్లకట్టు వచ్చింది. ఆయన చూపుడువేలికి గుడ్డ కట్టుంది. గోళ్ళు మా అత్త గోళ్ళలాగే ఉన్నాయి. చిప్ప ఆవిడ ముందుకి చాచాడు. "ఇక మీది మీరు తీసుకోండమ్మా. నా వల్ల కాదు. నిద్రలో కూడా కుయ్ మంటోంది."

అత్త ఆ చిప్ప వంక చూసింది, తీసుకోలేదు. "సాయంత్రం దాకా ఉంచండి" అని ఎక్కి, చెక్కల మీద కూర్చుని, పిల్ల ఫొటో వీరాస్వామి కళ్ళకి దగ్గరగా పెట్టి చూపిస్తోంది.

"సాయంత్రం అంటే ఏ రోజు సాయంత్రం అండీ?" అన్నాడాయన.

"చెప్తానండి."

కొంచెం దూరం పోయాక కప్పీ కుయ్ మంది. ఆవిడా లేచింది, ఆయనా లేచాడు.

"మీరు కూర్చోండి" అన్నాడాయన.

కూర్చుంది. కూర్చుంది గానీ, ఆయన వేలు ఎటు వైపు నుంచి పెడుతున్నాడో గట్టు తగిలేదాకా చూస్తూనే ఉంది.